మొదటి రోజు మెత్తన, మర్నాడు గట్టి: ఇంటి బన్ను వెనుక లెక్కలు

పిల్లలకు ఇంట్లోనే బర్గర్ చేసిపెడదామనుకునేవాళ్ళకు మధ్యలో పెట్టే టిక్కీ పెద్ద సమస్య కాదు. ఆలూ ఉడకబెట్టి, మసాలా కలిపి, పెనం మీద కాల్చడం మనకు అలవాటైన పనే. ఇబ్బందంతా పైనా కిందా ఉండే బన్నుతోనే. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఇప్పుడు మిక్సీ పక్కన మామూలు సామానైపోయింది. వీడియో చూసి చేస్తే ఒకసారి చక్కగా వస్తాయి. అవే కొలతలతో మళ్ళీ చేస్తే గట్టిగా వస్తాయి. పోనీ బాగా వచ్చాయనుకున్నా, తెల్లారేసరికి వాటిని నమలాలంటే పక్కన టీ ఉండాల్సిందే.

ఇక సలహాలు మొదలవుతాయి. మన మైదా పనికిరాదు, బ్రెడ్ పిండే కొనాలని ఒకరు. గుడ్డు వెయ్యకపోతే మెత్తదనం రాదని ఇంకొకరు. మైదా జావ కాచి కలిపితే చాలని రీల్స్. బేకరీవాళ్ళు ఏదో పౌడర్ కలుపుతారు కాబట్టి ఇంట్లో ఎప్పటికీ అలా కుదరదని పక్కింటావిడ. వీటిలో ప్రతిదానిలోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఇవన్నీ ఒకే జబ్బుకు మందులని అనుకోవడం దగ్గరే వస్తోంది.

మెత్తన అనే మాటలో మూడు సంగతులు

బన్ను మెత్తగా ఉందని మనం అన్నప్పుడు కనీసం మూడు లక్షణాలను కలిపి ఒకే మాటలో చెప్పేస్తుంటాం.

మొదటిది పొంగు. నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి లేవడం. లోపల ఎంత గాలి నిలిచింది, ఆ గాలిని పట్టుకున్న గోడలు ఎంత పల్చగా సాగాయి అన్నదాన్ని బట్టి ఇది ఉంటుంది. రెండోది లేతదనం. కొరికినప్పుడు సాగకుండా సులువుగా తెగడం. పిజ్జా బేస్ బాగా పొంగినా లేతగా ఉండదు, కేకు లేతగా ఉన్నా బన్నులా సాగి లేవదు. మూడోది నిలవ ఉండే మెత్తదనం. ఇవాళ సాయంత్రం ఉన్నట్టే రేపు పొద్దున కూడా ఉండటం.

పొంగుకు ఈస్టూ, గ్లూటెన్ అనే గోధుమ ప్రొటీన్ వలా ముఖ్యం. లేతదనానికి వెన్న, పంచదార కావాలి. నిలవకు కీలకం నీళ్ళు, పిండిలోని స్టార్చ్ ప్రవర్తన. అందుకే ఒకరికి పనికొచ్చిన చిట్కా ఇంకొకరికి పనికిరాదు. పొంగని బన్నులో వెన్న రెట్టింపు చేస్తే బరువైన, జిడ్డు బన్ను వస్తుంది తప్ప పొంగు రాదు.

మైదా ప్యాకెట్ వెనుక ఉన్న అంకె

గోధుమలో గ్లియాడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రొటీన్లు ఉంటాయి. నీళ్ళు తగిలి, పిసుకుతున్న కొద్దీ ఇవి కలిసి సాగే వలలా తయారవుతాయి. దాన్నే గ్లూటెన్ అంటారు. ఈస్ట్ చక్కెరను తిని వదిలే కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచేది ఈ వలే. బియ్యప్పిండిలో, జొన్నపిండిలో ఇది లేదు. అందుకే వాటితో అచ్చంగా ఇలాంటి బన్ను రాదు.

బయటి దేశాల వంటకాల్లో వాడే బ్రెడ్ పిండిలో ప్రొటీన్ సాధారణంగా నూటికి 12 నుంచి 13 గ్రాములు ఉంటుంది. మన మైదా ప్యాకెట్ల మీద 10కి అటూ ఇటూగా కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లోనూ మైదా ప్రొటీన్ నూటికి సుమారు పదిన్నర గ్రాములే. ఈ తేడా వల్లే కొందరు విడిగా గ్లూటెన్ పొడి కొని కలుపుతుంటారు. ఎంత కలపాలో లెక్క వేసి చూద్దాం. 300 గ్రాముల మైదాలో 10 శాతం అంటే 30 గ్రాముల ప్రొటీన్. దాన్ని 12 శాతానికి తేవాలంటే, 75 శాతం ప్రొటీన్ ఉండే గ్లూటెన్ పొడి సుమారు 10 గ్రాములు సరిపోతుంది. చెంచాలకు చెంచాలు గుమ్మరించక్కర్లేదు.

అసలు కలపాలా అన్నది వేరే ప్రశ్న. జపాన్ తరహా పాల రొట్టె చేసేవాళ్ళు బలమైన పిండే కావాలంటారు, ఎందుకంటే అది పొరలు పొరలుగా సాగాలి. ముంబై పావ్ చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి మామూలు మైదాతోనే నెట్టుకొస్తున్నారు. వాళ్ళకు కావలసింది తేలిగ్గా తుంచుకునే లేతదనం. బర్గర్ బన్ను ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. సాస్ తగిలినా చిరిగిపోకూడదు, పిల్లలు కొరికితే సాగకూడదు. నా అంచనాలో మామూలు మైదా ఇందుకు చాలు, బాగా పిసికితే. బాగా పిసికామా అని తెలుసుకోవడానికి బేకింగ్ చేసేవాళ్ళు చూసే గుర్తు ఒకటుంది. నిమ్మకాయంత పిండి తీసి వేళ్ళతో మెల్లగా సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చని పొర రావాలి. చేత్తో అయితే దానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. చపాతీ పిండిలా మూడు నిమిషాల్లో ముద్ద చేసి పక్కన పెడితే ఆ వల అల్లుకోదు.

కప్పు కొలత దగ్గరే సగం గొడవ

ఒకే వంటకం రెండిళ్ళలో రెండు రకాలుగా రావడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. దీని గురించే మాట్లాడేవాళ్ళు తక్కువ.

మూడు కప్పుల మైదా, ఒక కప్పు పాలు అని రాసి ఉందనుకుందాం. మైదాను చెంచాతో మెల్లగా పోసి పైన సమం చేస్తే కప్పుకు 120 గ్రాములు వస్తుంది. డబ్బాలోకి కప్పు దూర్చి ఒత్తి తీస్తే 150 కూడా రావచ్చు. మొదటివాళ్ళ దగ్గర 360 గ్రాములు, రెండోవాళ్ళ దగ్గర 450 గ్రాములు. పాలు ఇద్దరివీ 240 మిల్లీలీటర్లే. పిండి బరువును వందగా తీసుకుంటే మొదటి ముద్దలో ద్రవం 67, రెండోదాంట్లో 53. మొదటిది చేతికి అంటుకునే మెత్తని బన్ను పిండి. రెండోది దాదాపు పూరీ పిండి. ఇద్దరూ ఒకే వంటకం చేశామనే అనుకుంటారు.

బేకరీల్లో కప్పులుండవు. పిండిని ఎప్పుడూ 100గా తీసుకుని, మిగిలినవన్నీ దానికి శాతాలుగా చెబుతారు. ఉప్పు 1.8, ఈస్ట్ 1.5, పంచదార 10, వెన్న 10 అన్నట్టు. ఈ భాష అలవాటైతే ఏ వంటకాన్నైనా చూడగానే అది ఎలాంటి బన్ను ఇస్తుందో ఊహించవచ్చు. పంచదార 5, వెన్న 3 అని ఉంటే అది మామూలు బ్రెడ్డు. వెన్న 30 దాటి, గుడ్లు కూడా ఉంటే అది బ్రియోష్ అనే ఫ్రెంచ్ తరహా వెన్న రొట్టె. వంటింటి తూకం ఒకటి కొంటే, ఖరీదైన పిండి కొనడం కంటే ఎక్కువ లాభం.

మెత్తని బన్ను పిండి చేతికి అంటుకుంటుంది. అంటుకుంటోందని పైన పొడి మైదా చల్లుతూ పోవడం మనకు చపాతీల నుంచి వచ్చిన అలవాటు. ఆ చల్లిన మైదా కూడా లెక్కలోకే వస్తుంది. 300 గ్రాముల పిండికి గుప్పెడు, అంటే 30 గ్రాములు చల్లితే 65 ఉన్న నీటి శాతం 59కి పడిపోతుంది. చేతికి కాస్త నూనె రాసుకుంటే ఈ బాధ ఉండదు.

మైదా జావ ఎందుకు కలుపుతారు

రీల్స్‌లో టాంగ్‌జాంగ్ అనే పేరుతో తిరిగే పద్ధతి ఇది. దీనికి దగ్గరిదే జపాన్‌లో యుదానే, అక్కడ మైదాలో మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. తూర్పు ఆసియా బేకరీల్లో బ్రెడ్లు అంత మెత్తగా ఉండటానికి ఇవి ఒక కారణం.

వెనకున్న సూత్రం ఇది. మైదాలోని స్టార్చ్ రేణువులు చల్లని నీటిని పెద్దగా పీల్చుకోవు. సుమారు 65 డిగ్రీలకు వేడెక్కితే మాత్రం ఉబ్బి, చాలా నీటిని తమలో బంధించుకుంటాయి. జావ చిక్కబడేది అప్పుడే. ఆ జావను పిండిలో కలిపితే, అదనపు నీరు లోపలే దాగి ఉంటుంది కానీ పిండిని జారుగా చేయదు. అంటే 55 శాతం నీళ్ళున్న పిండిలా చేతికి లొంగుతూనే 62, 65 శాతం నీటిని మోయగలదు. ఓవెన్‌లో ఆ నీటిలో కొంత ఆవిరై బన్నును లేపుతుంది, మిగిలింది లోపలే ఉండి మర్నాటిదాకా తడి నిలుపుతుంది.

లెక్కగా చూస్తే ఇలా ఉంటుంది. మొత్తం 300 గ్రాముల మైదాలో 20 గ్రాములు తీసి 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి జావ కాస్తే, పది మిల్లీలీటర్లు ఆవిరైపోయినా 90 దాకా నీరు ఉంటుంది. మిగతా 280 గ్రాముల మైదాకు 110 గ్రాముల పాలు పోస్తాం. పాలలో నీరు సుమారు 87 శాతం కాబట్టి అందులోంచి 96. మొత్తం 186, అంటే పిండిలో 62 శాతం. దీనికి 30 గ్రాముల వెన్న, 30 గ్రాముల పంచదార, 12 గ్రాముల పాలపొడి, 5 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ చేరితే ముద్ద బరువు 580 గ్రాముల దాకా తేలుతుంది. 83 గ్రాముల చొప్పున ఏడు బర్గర్ బన్నులు.

జావ తప్పనిసరా? సాయంత్రం చేసి సాయంత్రమే తినేసే ఇంట్లో పెద్దగా తేడా తెలియదు. పొద్దున టిఫిన్ డబ్బాలోకి పెట్టాలంటే తేడా బాగా తెలుస్తుంది. జావ పని మూడో రకం మెత్తదనం. పొంగని పిండిని అది పొంగించలేదు. ఒక జాగ్రత్త: జావ వేడి తగ్గకుండా కలిపితే ఈస్ట్ దెబ్బతింటుంది. ఈస్ట్ 55, 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది.

బెంగళూరు వదిన కొలతలు చెన్నై మరదలికి ఎందుకు కుదరవు

ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. వదిన బెంగళూరులో, మరదలు చెన్నైలో. వదిన తూకం వేసి మరీ కొలతలు పంపింది. అయినా మే నెలలో మరదలి ఫోన్: “వదినా, మీరు గంట ఆగమన్నారు, గంటకి గిన్నె దాటి పొంగిపోయింది. ఓవెన్‌లో పెడితే అణిగిపోయి పుల్లటి వాసనొచ్చింది.”

ఇక్కడ తప్పు ఎవరిదీ కాదు. మనం వంటకు వాడే వేడి పరిధిలో, ప్రతి 10 డిగ్రీలకు ఈస్ట్ వేగం ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. వంటకంలో 24 డిగ్రీల దగ్గర గంట అని ఉంటే, 34 డిగ్రీల చెన్నై వంటింట్లో అది అరగంట పని. బెంగళూరు జనవరి రాత్రి 19, 20 డిగ్రీల దగ్గర అదే పని గంటన్నరకు కాస్త తక్కువ తీసుకుంటుంది. దోసెల పిండి పులియడంలో ఈ తేడా రెండు ఊళ్ళలో కాపురం చేసినవాళ్ళకు తెలిసిందే.

గడియారం చూడటం కంటే పిండి వేడిని అదుపులో పెట్టడం మేలని బేకరీవాళ్ళు ఒక సులువైన లెక్క వాడతారు. కలిపాక పిండి 26 డిగ్రీలుండాలనుకుంటే, 26ను మూడుతో హెచ్చించాలి: 78. అందులోంచి గది వేడి, మైదా వేడి, పిసకడం వల్ల పుట్టే వేడి తీసేస్తే పోయాల్సిన ద్రవం వేడి తేలుతుంది. చేత్తో పిసికితే ఆ చివరిది రెండు డిగ్రీలనుకుందాం. డిసెంబరు బెంగళూరులో గది 21, మైదా 21, పిసికిన వేడి 2. 78 నుంచి 44 పోతే 34. గోరువెచ్చని పాలు. మే నెల చెన్నైలో గది 34, మైదా 34, ఇంకో 2. మిగిలేది 8. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు నేరుగా పోయాలన్నమాట. గోరువెచ్చని పాలలోనే ఈస్ట్ కలపాలి అనే మాట చలిదేశాల వంటకాల నుంచి వచ్చింది. ఎండాకాలం చెన్నైలో దాన్ని పట్టుకు వేలాడితే పిండి కలుపుతుండగానే పొంగడం మొదలెడుతుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్‌ను నేరుగా మైదాలో కలిపేయవచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే ముందు కొద్ది గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మిగతా ద్రవాన్ని చల్లగా పోస్తే సరి.

ఎంత పొంగాక ఓవెన్‌లో పెట్టాలి అన్నదానికి వేలే కొలత. చుట్టిపెట్టిన బన్నును తడివేలితో కొంచెం నొక్కితే గుంట మెల్లగా, సగం వరకు పూడాలి. టక్కున పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టు. అలా ఆలస్యమైన పిండిని మళ్ళీ పిసికి, చుట్టి, తక్కువసేపు ఆపి కాలిస్తే చాలావరకు దారికొస్తుంది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కదా, ఆ ఎత్తు ప్రభావం మాటేమిటి అని కొందరు అడుగుతారు. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరం కంటే సుమారు పదో వంతు తక్కువ. నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. లోపలి వాయువు కాస్త సులువుగా వ్యాకోచిస్తుంది. కేకుల్లో బేకింగ్ పౌడర్ ఎక్కువైతే మధ్యలో కుంగడం కొంత కనిపించవచ్చు గానీ, బన్నుల విషయంలో ఈ ఎత్తు లెక్కలోకి తీసుకోవాల్సినంత పెద్దది కాదు. బన్ను లోపలి భాగం 90 డిగ్రీల దగ్గరే ఉడికిపోతుంది.

వెన్న, పాలు, గుడ్డు

కొవ్వు గ్లూటెన్ పోగుల చుట్టూ పట్టి, అవి మరీ బిగుసుకోకుండా చూస్తుంది. లేతదనం అక్కడి నుంచే వస్తుంది. మొదట్లోనే వేస్తే వల అల్లుకోవడం ఆలస్యమవుతుంది, అందుకే కాస్త పిసికాక వెన్న కలపమంటారు. పంచదార తేమను పట్టుకుంటుంది, పైన గోధుమరంగు తెస్తుంది. మరీ ఎక్కువైతే ఈస్ట్‌కు నీళ్ళు అందకుండా చేసి దాని వేగం తగ్గిస్తుంది. విదేశీ వంటకాల్లో పాలను ముందు కాచి చల్లార్చమని రాస్తారు. పచ్చిపాలలోని కొన్ని ప్రొటీన్లు పిండి బలాన్ని తగ్గిస్తాయని ఆ జాగ్రత్త. మన ఇళ్ళలో పాలు ఎలాగూ కాస్తాం కాబట్టి ఆ పని అయిపోయినట్టే.

గుడ్డు గురించి బెంగళూరులో వాదన అక్కర్లేదు. ఒకపక్క గుడ్డు లేకుండా చేసే పద్ధతితోనే పేరు తెచ్చుకున్న అయ్యంగార్ బేకరీలు వీధికొకటి. ఇంకోపక్క ఫ్రేజర్ టౌన్‌లో 1902 నుంచి ఉన్న ఆల్బర్ట్ బేకరీ లాంటివి. రెండు చోట్లా మెత్తనివే దొరుకుతాయి. గుడ్డు సొనలోని లెసిథిన్ కొవ్వునూ నీటినీ కలిపి ఉంచి, బన్నుకు మంచి రంగునూ నిలవనూ ఇస్తుంది. తెల్లసొన ఎక్కువైతే మాత్రం బన్ను పొడిబారుతుంది. గుడ్డు వద్దనుకుంటే పాలపొడి, జావ ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. పైన మెరుపుకు పాలు రాసినా చాలు.

ఓటీజీలో ఎక్కువసేపు అంటే ఎక్కువ పొడి

ఓటీజీ చిన్నది. పై రాడ్ బన్నుకు మరీ దగ్గర. పైన మాడిపోతుందని భయపడి చాలామంది వేడి తగ్గించి, సమయం పెంచుతారు. బన్ను గట్టిపడటానికి ఇదొక పెద్ద కారణం. తక్కువ వేడిలో బన్ను ఉడికే లోపు ఎండిపోతుంది.

దీన్ని కనిపెట్టడానికీ తూకమే సాధనం. 83 గ్రాముల ముద్ద కాలాక 74 గ్రాములుంటే, పదకొండు శాతం నీరు పోయింది. బన్నుకు ఇది సరైన మోతాదు. అదే 69కి దిగిందంటే పదిహేడు శాతం పోయినట్టు. ఇక ఏ జావా దాన్ని కాపాడదు. ముందే బాగా వేడెక్కిన ఓటీజీలో, కింది అరలో, 190 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు అన్నది మామూలుగా కుదిరే లెక్క. పైన రంగు ముందే వచ్చేస్తే అల్యూమినియం ఫాయిల్ కప్పవచ్చు. ఓటీజీ మీటరు మీద అంకెకూ లోపలి అసలు వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండటం వింతేమీ కాదు కాబట్టి, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఉంటే టెన్షన్ తగ్గుతుంది. తీయగానే వెన్న రాసి పల్చటి బట్ట కప్పితే, లోపలి నుంచి వచ్చే ఆవిరే పైపొరను మెత్తబరుస్తుంది.

మర్నాడు గట్టిపడేది ఎండిపోవడం వల్లేనా

చాలామంది అలాగే అనుకుంటారు. 1852లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూసాంగో దీన్ని పరీక్షించి చూశాడు. తేమ బయటికి పోకుండా మూసిపెట్టిన రొట్టె కూడా గట్టిపడింది. అంటే కారణం లోపలే ఉంది.

ఓవెన్‌లో ఉబ్బి, చెదిరిపోయిన స్టార్చ్ అణువులు చల్లారాక మళ్ళీ వరసగా పేర్చుకోవడం మొదలెడతాయి. ఆ క్రమంలో అవి బిగుసుకుని, పట్టుకున్న నీటిని వదిలేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పొద్దున్నకు పలుకు పలుకుగా గట్టిపడటం ఇలాంటిదే. ఈ పేర్చుకోవడం ఫ్రిజ్‌లోని నాలుగైదు డిగ్రీల దగ్గర గదిలోకంటే వేగంగా జరుగుతుంది. పాడవకూడదని ఫ్రిజ్‌లో పెట్టిన బన్ను ఒక్కరోజులో వారం నాటిదానిలా అయిపోయేది ఇందుకే. వేడి చేస్తే, లోపల 60 డిగ్రీలు దాటితే, ఆ వరస మళ్ళీ చెదిరి బన్ను మెత్తబడుతుంది, అదీ కాసేపే.

అయితే ఫ్రిజ్ వద్దనడం చెన్నైలో అంత తేలిక కాదు. అక్కడి ఉక్కకు బయట పెట్టిన బన్నుకు రెండో మూడో రోజుకు బూజు పడుతుంది. గట్టిపడటమా, బూజా అన్న బేరంలో ఫ్రీజర్ మధ్యేమార్గం. పూర్తిగా చల్లారిన బన్నులను గాలి చొరని కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే, ఆ చలికి స్టార్చ్ కదలిక దాదాపు ఆగిపోతుంది. తీసి నేరుగా పెనం మీదో ఓటీజీలోనో వెచ్చబెడితే మొదటి రోజు బన్నుకు దగ్గరగా వస్తుంది.

బేకరీ బన్నులో కలిపేవి: భయమెంత, నిజమెంత

ప్యాకెట్ బన్ను నాలుగైదు రోజులు మెత్తగా ఉండటానికి ఆ స్టార్చ్‌ను ఆపే ఏర్పాట్లే కారణం. కవర్ తిప్పి చూస్తే ఐఎన్ఎస్ అంకెలు, అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లు, కనిపిస్తాయి. 471, 481 అనేవి ఎమల్సిఫయర్లు. ఇవి స్టార్చ్‌తో జతకట్టి అది బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. 1100 అంటే అమైలేజ్ ఎంజైము. స్టార్చ్ గొలుసులను ముక్కలు చేస్తుంది. 282 అంటే కాల్షియం ప్రొపియోనేట్, బూజును ఆపడానికి. 300 అంటే ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి. గ్లూటెన్‌కు బలమిస్తుంది. ఇవన్నీ పరిమితులకు లోబడి అనుమతి ఉన్నవే.

భయానికి ఆధారం లేకపోలేదు. ఒకప్పుడు పిండి బలానికి పొటాషియం బ్రోమేట్ కలిపేవారు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని చేర్చింది. 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 రకాల బ్రెడ్లు, పావ్‌లు, బన్నుల వంటివాటిని పరీక్షించి, 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా అయోడేట్ ఆనవాళ్ళున్నాయని చెప్పింది. తర్వాతి నెలలోనే దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బ్రోమేట్‌ను అనుమతి జాబితా నుంచి తీసేసింది. బాగా కాలితే అది హాని లేని బ్రోమైడుగా మారిపోతుందని పరిశ్రమ వాదన. ప్రతి బేకరీలో ప్రతి రొట్టె అలా కాలుతుందన్న హామీ లేదన్నది ఎదుటి వాదన. నాకైతే రెండోదే సబబుగా కనిపిస్తుంది, ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కనుక. కాని ఆ పాత కథను ఇవాళ్టి ప్రతి ఐఎన్ఎస్ అంకెకూ అంటగట్టడం సరికాదు. విటమిన్ సికీ బ్రోమేటుకూ పోలికే లేదు.

మైదానా, గోధుమపిండా

మైదాలో అలోక్సాన్ కలుపుతారు, దాంతో షుగర్ వస్తుంది అనే వాట్సాప్ సందేశం ఏళ్ళుగా తిరుగుతోంది. ప్రయోగశాలలో ఎలుకలకు మధుమేహం తెప్పించడానికి అలోక్సాన్ ఇస్తారన్నది నిజం. మైదాలో దాన్ని దినుసుగా కలుపుతారన్నది నిజం కాదు. మైదా మీద అసలైన అభ్యంతరం మామూలుది, పీచు లేకపోవడం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల గోధుమపిండిలో పీచు సుమారు 11 గ్రాములు, మైదాలో మూడుకు కాస్త తక్కువ. ప్రొటీన్ దాదాపు సమానమే.

మరి గోధుమపిండితోనే చేసేస్తే? ఊక ముక్కలు గ్లూటెన్ వలను అక్కడక్కడా తెంపుతాయి, పొంగు తగ్గుతుంది. మన చక్కీలో రాపిడికి స్టార్చ్ రేణువులు ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి ఆ పిండి నీళ్ళు కూడా ఎక్కువ తాగుతుంది. 62 శాతంతో మైదా బన్ను వస్తే, పూర్తి గోధుమపిండికి 70 దాటాల్సి రావచ్చు. పిండి తడిపి అరగంట వదిలేస్తే ఊక నాని కొంత దారికొస్తుంది. మూడో వంతు గోధుమపిండి, మిగతా మైదా అనే సర్దుబాటులో పిల్లలు తేడా కనిపెట్టరు. పూర్తిగా గోధుమపిండిది కావాలంటే అది వేరే రకం బన్ను అనుకుని తినడమే మంచిది. బరువుగా ఉంటుంది, రుచి బాగుంటుంది.

అదే పిండితో ఖారా బన్ను, దిల్‌పసంద్

ఒక్కసారి బన్ను పిండి చేతికి అలవాటయ్యాక బెంగళూరు బేకరీ అద్దాల వెనక ఉండేవాటిలో చాలావాటి గుట్టు తెలిసిపోతుంది. ఖారా బన్ను అంటే ఇదే పిండిలో పంచదార తగ్గించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర కలిపింది. దీనిలో దెబ్బతినేది ఉల్లిపాయ దగ్గర. ఉల్లిపాయలో నీరు 86 శాతానికి పైనే. 300 గ్రాముల మైదాకు 100 గ్రాముల ఉల్లిపాయ ముందే వేసి, ఉప్పు తగిలి అందులో సగం నీరు బయటికొచ్చిందంటే, 62 శాతం ఉన్న పిండి 76కి చేరి చేతుల్లోంచి జారిపోతుంది. అందుకే వాటిని కొంచెం నూనెలో వేయించి చల్లార్చి, లేదా పిండిని బన్నులుగా చుట్టే ముందు మాత్రమే కలుపుతారు.

దిల్‌పసంద్‌లో చిక్కు వేరు. కొబ్బరి, పంచదార, టూటీ ఫ్రూటీ కలిపిన పూర్ణం లోపల ఉంటుంది. పంచదార వేడికి కరిగి అడుగు పొరను తడిపేస్తుంది. కొబ్బరి ఎండుదైతే ఆ పాకాన్ని పీల్చుకుంటుంది, పచ్చిదైతే ముందు కాస్త వేయించాలి. దాల్చినచెక్క రోల్స్ చేసేవాళ్ళు చెక్కపొడిని పిండిలో కాకుండా పూర్ణంలోనే వేస్తారు, ఎక్కువైతే అది ఈస్ట్‌ను అణిచేస్తుంది. యాలకుల పొడితో ఆ పేచీ లేదు.

ఈస్ట్ లేని పదినిమిషాల బన్నులు అని పెరుగు, వంటసోడాతో చేసేవి కూడా చూస్తుంటాం. పెరుగులోని పులుపుకు సోడా తగిలి వచ్చే వాయువు కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది, గ్లూటెన్ సాగడానికి వ్యవధి ఉండదు. వేడిగా తింటే బాగుంటాయి, లేతగానూ ఉంటాయి. కాని టిక్కీ, సాస్ పెట్టి చేత్తో పట్టుకుంటే మధ్యలో విరుగుతాయి. జామ్ రాసుకుని టీతో తినడానికైతే నిశ్చింతగా చేసుకోవచ్చు.